తెల్ల చారల మీద నమ్మకం: జీబ్రా క్రాసింగ్ ఎక్కడ దారి తప్పింది

మా కాలనీ ముందు ఆరు వరసల రోడ్డు. అవతల రైతుబజార్. రెండింటికీ మధ్య జీబ్రా క్రాసింగ్ గీశారు గానీ సిగ్నల్ లేదు. కిందటేడు ఒక ఆదివారం పొద్దున్నే అమ్మతో కూరగాయలకు వెళ్లి తిరిగొస్తున్నాను. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో అమ్మ చెయ్యి. చారల మీద కాలు పెట్టగానే మొదటి వరసలో వస్తున్న ఆటో ఆగింది. డ్రైవర్ చెయ్యి ఊపి "దాటండమ్మా" అన్నాడు. ఆటో ముందునుంచి ఒక్క అడుగు అవతలికి వేశామో లేదో, దాని పక్కనుంచి బైక్ దూసుకొచ్చింది. అమ్మ నన్ను వెనక్కి లాగింది. సంచీ బైక్ హ్యాండిల్‌కి తగిలి తెగిపోయింది. సొరకాయ రోడ్డు మీద పడి రెండు ముక్కలైంది.

బైక్ నడిపిన అబ్బాయి కొంచెం ముందుకెళ్లి ఆగి వెనక్కి చూశాడు. మా కంటే వాడే ఎక్కువ భయపడ్డట్టున్నాడు. వాడికి మేం కనపడలేదు, మాకు వాడు కనపడలేదు. మధ్యలో ఆటో అడ్డం ఉంది. ఆటో అతను కిందికి దిగి, "నేను ఆగకపోయినా బాగుండేదేమో అమ్మా" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

చారలు గీసినవాళ్లు మా మంచి కోరే గీశారు. ఆటో అతను మా మీద గౌరవంతోనే ఆగాడు. మేం దాటాల్సిన చోటే దాటాం. అయినా ఇంచుమించు ప్రాణం మీదికి వచ్చింది. ఇది ఆ రోజు గ్రహపాటు అనుకుని సరిపెట్టుకోవచ్చు. కానీ ట్రాఫిక్ ఇంజినీర్లకు ఈ ప్రమాదం అర్ధ శతాబ్దానికి పైగా తెలుసు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా ఉంది, మల్టిపుల్ థ్రెట్. ఆగిన బండి చాటునుంచి వచ్చే రెండో బండి అని అర్థం. తెలిసిన ప్రమాదాన్ని ఇన్నేళ్ల తర్వాత కూడా మన రోడ్ల మీద కొత్తగా గీసుకుంటూ ఎందుకు పోతున్నామో తెలియాలంటే ఈ చారల పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

నడిచేవాళ్లు క్షేమంగా దాటడానికి రోడ్డు మీద ఏదో ఒకటి పెట్టాలన్న ఆలోచన కార్ల కంటే పాతది. 1868 డిసెంబర్‌లో లండన్‌లో పార్లమెంటు భవనం దగ్గర, గుర్రపు బండ్ల మధ్యనుంచి సభ్యులు ప్రాణాలతో దాటాలని ఒక సిగ్నల్ స్తంభం నిలబెట్టారు. రైలు సిగ్నల్ లాంటి చేతులు, రాత్రిపూట గ్యాస్ దీపం, తిప్పడానికి ఒక పోలీసు. నెల తిరగ్గానే గ్యాస్ లీకై పేలింది. దాన్ని తిప్పుతున్న పోలీసు గాయపడ్డాడు. స్తంభం పీకేశారు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం దాటేదాకా ఆ నగరం మళ్లీ అలాంటి ప్రయత్నం చెయ్యలేదు.

ఈలోగా కార్లు వచ్చేశాయి. 1930లో బ్రిటన్ కార్ల మీద ఉన్న గంటకు 20 మైళ్ల వేగ పరిమితిని ఎత్తేసింది. ఎలాగూ ఎవరూ పాటించడం లేదన్నది ఒక వాదన. 1934లో ఆ దేశపు రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు, రెండు లక్షల ముప్ఫై వేల మందికి పైగా గాయపడ్డారు. బాధితుల్లో సగం మంది నడిచేవాళ్లు. ఆ ఏడాదే రవాణా మంత్రి అయిన లెస్లీ హోర్-బెలీషా లండన్‌లోని క్యామ్డెన్ హై స్ట్రీట్‌లో దాటుతుంటే ఒక స్పోర్ట్స్ కారు ఆగకుండా ఆయన్ని రాసుకున్నంత పని చేసి వెళ్లిపోయింది. దాటేచోటు ఎక్కడుందో డ్రైవర్లకు దూరంనుంచే తెలియాలని ఆయన నలుపు తెలుపు పట్టీల స్తంభాలు పెట్టించాడు. వాటి మీద నారింజ రంగు గోళాలు. ఇప్పటికీ వాటిని బెలీషా బీకన్లనే అంటారు. మొదట గాజు గోళాలు పెడితే పిల్లలు రాళ్లేసి పగలగొట్టేవారు.

స్తంభాల కంటే ఆయన చేసిన పెద్ద మేలు ఇంకొకటి ఉందని నాకనిపిస్తుంది. ఊళ్లలో గంటకు 30 మైళ్ల, అంటే మన లెక్కలో 48 కిలోమీటర్ల, పరిమితిని 1935 మార్చి నుంచి అమల్లోకి తెచ్చాడు. స్తంభం, వేగ పరిమితి జంటగా వచ్చాయి. తర్వాత ప్రపంచమంతా ఈ జంటలో తేలికైన సగాన్నే ఎక్కువగా ఎత్తుకెళ్లింది.

అప్పటికి రోడ్డు మీద చారలు లేవు. దాటే దారికి రెండు వైపులా ఇనప బొడిపెలు దిగ్గొట్టేవారు, అంతే. నిలబడి చూసే మనిషికి అవి కనిపిస్తాయి, దూరంనుంచి కారులో వచ్చేవాడికి కనపడవు. మనిషి "ఇది నా దారి" అనుకుని దిగుతాడు, డ్రైవర్‌కి అక్కడ దారి ఉన్నట్టే తెలియదు. ఈ తేడాని పోగొట్టడానికే 1949లో వెడల్పాటి పట్టీలు గీసి చూశారు. కొన్నిచోట్ల నీలం, పసుపు రంగులు కూడా వాడారు. చివరికి నలుపు, తెలుపు నిలిచాయి. 1951లో జీబ్రా క్రాసింగ్ చట్టంలోకి ఎక్కింది. చారలు పుట్టింది మనిషి కోసమే అయినా అవి చేరాల్సింది డ్రైవర్ కంటికి.

అదే ఏడాది బ్రిటన్‌వాళ్లు ఇంకో పని కూడా చేశారు, మనవాళ్లు పట్టించుకోనిది. అప్పటిదాకా ఉన్న క్రాసింగ్‌లలో చాలావాటిని తీసేశారు. అడుగడుగునా క్రాసింగ్ ఉంటే డ్రైవర్లు దేన్నీ లెక్కచెయ్యరని వాళ్లకు అర్థమైంది.

1962లో పాండా క్రాసింగ్ వచ్చింది. లండన్‌లో వాటర్లూ స్టేషన్ ఎదురుగా రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ చేతుల మీదుగా మొదలైంది. బటన్ నొక్కితే పసుపు దీపం ఒక రకంగా మినుకుమంటే ఒక అర్థం, ఇంకో రకంగా మినుకుమంటే ఇంకో అర్థం. డ్రైవర్లకూ అర్థం కాలేదు, దాటేవాళ్లకూ అర్థం కాలేదు. ఐదేళ్లకే దాన్ని వదిలేశారు. 1969లో వచ్చిన పెలికాన్ సిగ్నల్, అంటే నడిచేవాళ్లు బటన్ నొక్కితే బండ్లకు ఎర్ర దీపం పడే సిగ్నల్, దాని పాఠాల మీద నిలబడింది. హైదరాబాద్‌లో ఇప్పుడు మనం పెలికాన్ సిగ్నల్ అంటున్న మాట అక్కడినుంచి వచ్చిందే.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది 1971. ఆ ఏడాది బ్రిటన్ జీబ్రా క్రాసింగ్‌కి రెండు వైపులా వంకరటింకర తెల్ల గీతలు గీయడం మొదలుపెట్టింది. ఆ గీతల మధ్య బండి నిలపకూడదు. క్రాసింగ్ దగ్గరికి వచ్చాక ముందున్న బండిని దాటి వెళ్లకూడదు. ముందు బండి మనిషి కోసం ఆగితే వెనకా పక్కా వచ్చేవాళ్లూ ఆగాల్సిందే. మమ్మల్ని కొట్టబోయిన ఆ బైక్‌ని ఆపే నియమం ఇదే. నేను పుట్టకముందే రాసి పెట్టి ఉంది.

మరుసటి ఏడాది, 1972లో, అమెరికాలోని శాన్ డియాగో నుంచి ఒక అధ్యయనం వచ్చింది. బ్రూస్ హెర్మ్స్ అనే ట్రాఫిక్ ఇంజినీర్ సిగ్నల్ లేని 400 కూడళ్లను తీసుకున్నాడు. ప్రతి కూడలిలో ఒక పక్క చారలున్న దారి, ఇంకో పక్క చారలు లేని దారి. ఐదేళ్ల ప్రమాదాలు లెక్కేస్తే చారల మీద 177 మందికి దెబ్బలు తగిలాయి, చారల్లేని చోట 31 మందికి. చారల మీద నడిచేవాళ్లు ఇంచుమించు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి ఆ తేడా తీసేసినా, చారల మీద ప్రమాదం దాదాపు రెండింతలు తేలింది.

ఇంజినీర్లకు ఇది పెద్ద దెబ్బ. రక్షణ అనుకుని గీసిన గీతే మనుషుల్ని కొట్టిస్తోందా? చారలు చూడగానే మనిషికి లేనిపోని ధైర్యం వస్తోంది, అటూఇటూ చూడకుండా దిగిపోతున్నాడు అన్న వివరణ వెంటనే పాకిపోయింది. దాన్ని ఆధారం చేసుకుని అమెరికాలో ఎన్నో నగరాలు కొత్త చారలు గీయడానికి ఒప్పుకోలేదు. ఉన్నవాటిని చెరిపేసిన నగరాలూ ఉన్నాయి. బడి దగ్గరో ఆస్పత్రి దగ్గరో చారలు కావాలని అడగడానికి వెళ్తే, మీ మంచికే వద్దంటున్నాం అన్న జవాబు.

చారలు పోయాయి గానీ అవతలి పక్కకు వెళ్లాల్సిన అవసరం పోలేదు. బస్టాప్ అవతలే ఉంది, దుకాణం అవతలే ఉంది. శాన్ డియాగో ఉన్న కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం ప్రకారం చారలు లేకపోయినా కూడలిలో నడిచేవాళ్లకు దాటే హక్కు ఉంటుంది. ఆ హక్కు కంటికి కనపడదు, కనపడని హక్కు కోసం డ్రైవర్ బ్రేక్ వెయ్యడు. మంచి కోసం గీసిన గీత సరిగా పనిచెయ్యలేదని, మంచి కోసమే దాన్ని చెరిపేశారు. రెండుసార్లూ నష్టపోయింది నడిచేవాడే.

పైగా, మనిషి అజాగ్రత్తగా దిగుతున్నాడన్న మాటను ఆ అధ్యయనం కొలవనే లేదు. అది లెక్కేసింది ప్రమాదాల్ని, మనుషుల నడతని కాదు. ఆ తర్వాత చారలు గీయకముందు, గీసిన తర్వాత మనుషుల్ని గమనించి చూసిన పరిశోధకులకు వాళ్లు అజాగ్రత్తగా మారినట్టు ఆధారం దొరకలేదు. తప్పు మనిషి తలలో ఉందని ముప్ఫై ఏళ్ల పాటు అనుకోవడం వల్ల తప్పు రోడ్డులో ఉందేమోనని చూడటం ఆలస్యమైంది. ఇది తల్చుకుంటే నాకు బాధగా ఉంటుంది.

రోడ్డు వైపు చూసినప్పుడు విషయం తేటపడింది. అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ కోసం చార్లెస్ జెగీర్, ఆయన తోటి పరిశోధకులు 30 నగరాల్లో చారలున్న వెయ్యి చోట్లని, చారల్లేని వెయ్యి చోట్లని పోల్చారు. తుది నివేదిక 2005లో వచ్చింది. రెండు వరసల రోడ్ల మీద చారలున్నా లేకపోయినా ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎక్కువ వరసలు ఉండి, రోజుకు 12 వేలకు పైగా బండ్లు తిరుగుతూ, మధ్యలో నిలబడే జాగా లేని రోడ్ల మీద మాత్రం, వేరే ఏ ఏర్పాటూ లేకుండా ఒట్టి చారలు గీసి వదిలేస్తే ప్రమాదాలు ఎక్కువ. కారణాల్లో ముఖ్యమైనది ఆగిన బండి చాటున వచ్చే రెండో బండి. దాటేవాళ్లలో తమ వాటాతో పోలిస్తే దెబ్బతిన్నవాళ్లలో పెద్ద వయసువాళ్లు ఎక్కువ.

చారలు తీసెయ్యమని ఆ నివేదిక చెప్పలేదు. అలాంటి రోడ్ల మీద చారలొక్కటే చాలవని చెప్పింది. మధ్యలో ఆగడానికి జాగా కట్టండి, సిగ్నల్ పెట్టండి, వేగం తగ్గించండి అంది. అన్నిటికంటే చవకైనది, బండ్లు ఆగే గీతని చారలకు ఆనించకుండా వెనక్కి జరపడం. ఆరు నుంచి పదిహేను మీటర్ల వెనక ఆటో ఆగి ఉంటే, దాని పక్కనుంచి వచ్చే బైక్ మాకు ముందే కనపడేది. ఖర్చయ్యేది అదే తెల్ల రంగు, గీసే చోటే మారింది.

ఇక మన సంగతి. అమెరికా పరిశోధకుల లెక్కలో ఒక వరసలో ఒక బండి ఉంటుంది. మన దగ్గర ఒక వరసలో ఆటో, దాని పక్కన రెండు బైకులు, వాటి మధ్యలోకి దూరే స్కూటీ. అంటే ఆగిన ప్రతి బండి పక్కనా చాటు ఉన్నట్టే. అక్కడ ఆరు వరసల రోడ్డు మీద ఎంత ప్రమాదమో, ఇక్కడ అంతకంటే తక్కువ ఉంటుందని అనుకోవడానికి నాకు కారణం కనపడదు.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. పాదచారుల సదుపాయాల కోసం, మన రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే ఐఆర్‌సీ 103 పేరుతో మార్గదర్శకాలు రాసింది, 2012లో సవరించింది. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు సిగ్నల్ లేని జీబ్రా క్రాసింగ్ దగ్గర బండి వేగం తగ్గించాలి, ఆగాలి, నడిచేవాళ్లకు దారి ఇవ్వాలి అని తేటగా చెప్పాయి. మరుసటి ఏడాదే, 2018 ఏప్రిల్‌లో, కేంద్ర రవాణా శాఖ గరిష్ఠ వేగాలు పెంచుతూ ఉత్తర్వు ఇచ్చింది. మునిసిపల్ పరిధిలోని రోడ్ల మీద కార్లకు గంటకు 70 కిలోమీటర్లు, బైకులకు 60. రాష్ట్రాలు అంతకంటే తగ్గించుకోవచ్చు. కానీ దేశం ఊరి రోడ్డుకి గీసిన హద్దు అది. నడిచేవాళ్లూ బండ్లూ కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని, రోడ్డు భద్రత మీద 2020లో చేసిన స్టాక్‌హోమ్ ప్రకటనలో ప్రపంచ దేశాలు అనుకున్నాయి. కారు గంటకు 50 మీద కొట్టినప్పటి కంటే 65 మీద కొడితే మనిషి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2017లో ఆగమన్న డ్రైవర్‌నే 2018లో 70 మీద రమ్మంటే, అతను ఆగాలనుకున్నా ఆగలేని దూరం మిగులుతుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచివెళ్తున్నవాళ్లు. వీళ్లందరూ జీబ్రా చారల మీదే పోలేదు. చారలే లేని రోడ్ల మీద పోయినవాళ్లూ, ఫుట్‌పాత్ లేక రోడ్డు అంచున నడుస్తూ పోయినవాళ్లూ ఎందరో. ఇంతమంది పోతుంటే ఇంకో డబ్బా రంగుతో సరిపెట్టడం చాలదన్నదే నా బాధ.

చారలు పనిచెయ్యలేదని తేలినప్పుడు మన దగ్గర ఎప్పుడూ వినిపించే మాటలు మూడు. మనిషిని పైకి ఎక్కించు, కటకటాలు పెట్టి ఆపు, లేదా చారల్నే ఇంకా కొట్టొచ్చేలా గియ్యి. ఉప్పల్ చౌరస్తాలో 2023లో తెరిచిన స్కైవాక్‌కి లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, మెట్రో స్టేషన్‌తో కలిపారు. అంత పెద్ద కూడలికి అది నప్పింది. కానీ పాల ప్యాకెట్ కోసం అవతలికి వెళ్లే ముసలావిడని రోజుకు నాలుగుసార్లు మెట్లెక్కి దిగమంటే ఆవిడ ఎక్కదు, డివైడర్ సందులోంచే దాటుతుంది. కటకటాల సంగతి లండన్‌లోనే తేలింది. కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో రెయిలింగులు తీసేసి రోడ్డుని కొత్తగా దిద్దాక నడిచేవాళ్లకు ప్రమాదాలు నలభై శాతానికి పైగా తగ్గాయి. రెయిలింగ్ ఉన్నచోట డ్రైవర్‌ మనిషి అడ్డం రాడని ధీమాగా పోతాడు, మనిషేమో చుట్టూ తిరగలేక దాన్ని దూకుతాడు. మూడోదానికొస్తే, 2016లో అహ్మదాబాద్‌లో రోడ్డు మీద దిమ్మెలు లేచినట్టు భ్రమ కలిగించే త్రీడీ చారలు గీశారు, నితిన్ గడ్కరీ కూడా వాటిని మెచ్చుకున్నారు. రోజూ అదే దారిలో వెళ్లేవాడికి ఆ భ్రమ ఎన్నాళ్లు ఉంటుంది? కొత్తవాడేమో ఉలిక్కిపడి ఉన్నట్టుండి బ్రేక్ వేస్తాడు.

నిజంగా దిమ్మె కట్టొచ్చు. ఫుట్‌పాత్ ఎత్తులోనే దాటే దారిని రోడ్డుకి అడ్డంగా కట్టి దాని మీద చారలు గీస్తే డ్రైవర్ ఇష్టాయిష్టాలతో పని లేదు, బండి నెమ్మదించాల్సిందే. చక్రాల కుర్చీకీ, పిల్లల బండికీ దిగి ఎక్కే బాధ ఉండదు. ఐదు, ఆరు వరసల రోడ్డు అయితే సిగ్నల్ కావాలి. దానికి సమయం కూడా దాటే మనిషిని చూసి లెక్కెయ్యాలి. ఒక వరస మూడున్నర మీటర్లు అనుకుంటే ఆరు వరసలు 21 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారన్న మామూలు లెక్కలో పద్దెనిమిది సెకన్లు చాలు. మా అమ్మని ఒకరోజు ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాను. ఇరవై ఏడు పట్టింది, అదీ సంచీ నా చేతిలో ఉంటే.

2025 మే 14న సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ కిందికి, అంటే బతికే హక్కులోకి వస్తుందని చెప్పింది. నడవడం బతకడంలో భాగమైతే దాటడం కూడా భాగమే.

ఈ వేసవిలో మా రోడ్డు చారలకు మళ్లీ రంగు వేశారు. ఎండకి తెల్లగా మెరిసిపోతున్నాయి. బండ్లు ఆగే గీత వాటికి రెండడుగుల దూరంలోనే ఉంది, డివైడర్ దగ్గర నిలబడటానికి అడుగున్నర జాగా కూడా లేదు. గీతని వెనక్కి జరపమని మా కాలనీవాళ్లం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. జవాబు కోసం చూస్తున్నాం. అమ్మ ఇప్పటికీ ఆదివారం రైతుబజార్‌కి వస్తుంది. ఎవరైనా బండి ఆపి "దాటండమ్మా" అంటే దండం పెట్టి, ఆ బండి అంచు దాకా వెళ్లి ఆగుతుంది. మెడ చాచి దాని పక్కకు చూస్తుంది. ఒక్కోసారి వెనకనుంచి హారన్లు మోగుతాయి. అయినా చూశాకే అడుగు వేస్తుంది.